పలక చాలని అంకె

మా మార్కాపురం పలకల వూరు. ఈ చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా దొరికే రాతిని చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి దేశం నాలుగు చెరగులకూ పంపిన వూరు. అటువంటి చోట పుట్టి పెరిగినవాణ్ణి గనుక, లెక్కలు సరిగా రాకపోయినా పలక సంగతి మాత్రం నాకు బాగా తెలుసుననే అనుకునేవాణ్ణి.

చిన్నప్పుడు పెద్ద కూడికలు వేసేటప్పుడు అంకెలు ఎడమవైపు చట్రం దాకా వచ్చేవి. చేతిలో ఒకటి మిగిలేది. వేయడానికి పలక మీద చోటు వుండేది కాదు. చోటు లేదు కదా అని ఆ ఒకటిని వదిలేసి, మిగిలినది జవాబుగా చూపించేవాణ్ణి. అప్పుడు మా అయ్యవారు నా చెవి మెలిపెట్టి, "ఒరే, పలక అయిపోతే లెక్క కూడా అయిపోతుందా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నలోని లోతు నాకు తెలిసిరావడానికి ముప్ఫయి అయిదేళ్ళు పట్టింది. అది తెలియజేసింది మా అమ్మ పాట.

మా అమ్మ పుట్టిల్లు కంభం చెరువు కింద ఒక పల్లె. తిరగలి పాటలూ, రోకటి పాటలూ, నాట్ల పాటలూ ఆమెకు ఎన్ని వచ్చునో లెక్క లేదు. తెలుగులో ఎం.ఏ. చదివి, పిల్లలకు జానపద సాహిత్యం పాఠం చెబుతూ, ఇంట్లోని జానపద సాహిత్యాన్ని పట్టించుకోని ఘనుణ్ణి నేను. చివరికి మూడేళ్ళ కిందట బుద్ధి వచ్చింది. ఫోటో స్టూడియో అబ్బాయిని పిలిపించి, అమ్మను వసారాలో కూర్చోబెట్టి, నూటపది నిమిషాలు పాడించి వీడియో తీయించాను.

స్టూడియో అబ్బాయి ఆ వీడియోనంతా ఒకే ఫైలుగా కూర్చి, నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోయాడు. అది ఎక్కలేదు. 'ఫైలు మరీ పెద్దది' అని తెర మీద కనిపించింది. ముప్ఫయి రెండు జీబీల పెన్‌డ్రైవ్, ఖాళీగా వుంది. ఫైలు చూస్తే అయిదున్నర జీబీలే. "గోతాం ఖాళీగా వుంటే కుంచెడు వడ్లు పట్టవంటుందేమిటయ్యా!" అని విసుక్కుని, ఒక మిత్రుడి దగ్గర డిస్కు అరువు తెచ్చి దానిలోకి ఎక్కించుకున్నాను. ఆ పెన్‌డ్రైవ్‌ను ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు వేస్తుంది.

అప్పటికే మా కాలేజీలో కంప్యూటరు చదివే కుర్రవాడొకడు, మేము పల్లెల్లో సేకరించిన పాటలనూ కథలనూ భద్రపరచడానికి ఒక ప్రోగ్రాము రాస్తున్నాడు. అన్నిటినీ ఒక పెద్ద పెట్టెలో వరుసగా సర్దడం, ఏది ఎక్కడ మొదలవుతుందో, పొడవెంతో, ఎప్పుడు చేర్చారో ముందు ఒక పట్టికలో రాసుకోవడం - ఇదీ ఏర్పాటు. మన ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ ఇటువంటి పట్టికే ఇంకా పకడ్బందీగా వుంటుంది. దాన్ని ఫైల్ సిస్టమ్ అంటారట. లైబ్రరీలో పుస్తకాల రిజిస్టరు వంటిదే. రిజిస్టరు తప్పితే పుస్తకం బీరువాలో వున్నా లేనట్టే.

ఆ కుర్రవాడు పని మొదలుపెట్టిన రోజున నా దగ్గరకు వచ్చి, "సార్, మనం చేర్చే ఫైళ్ళలో అన్నిటికంటె పెద్దది ఎంత వుండవచ్చు?" అని అడిగాడు. నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే, "పల్లెవాళ్ళ పాటలే కదా నాయనా, ఎంత పెద్దదయినా ఒక సినిమా అంత వుంటుందా?" అన్నాను. వాడు తల వూపి వెళ్ళిపోయాడు.

ఆ తల ఎత్తని మాటకు వెల ఎంతో తరువాత తెలిసింది.

అమ్మ వీడియోను వాడి పెట్టెలో చేర్చాము. ప్రోగ్రాము 'చేర్చబడినది' అన్నది. అరువు డిస్కును చెరిపి మిత్రుడికి తిరిగి ఇచ్చేశాను. స్టూడియోలోనూ కొన్నాళ్ళకు పాత ఫైళ్ళు తీసేశారు. మరుసటి ఏడు అమ్మ కాలం చేసింది. సంవత్సరీకం నాడు చుట్టాలంతా చేరినప్పుడు, అమ్మ పాట అందరికీ వినిపిద్దామని పెట్టె తెరిపించాను. ఫైలు తెరుచుకోలేదు. పొడవు చూస్తే అయిదున్నర జీబీలకు బదులు ఒకటింబావు జీబీ కూడా లేదు.

ఏమయిందో వాడు నాకు బోధపరచడానికి తంటాలు పడుతుంటే, చివరికి నాకు తెలిసిన ఛందస్సులోనే అది అర్థమయింది. పాఠకులకూ ఆ దారినే చెబుతాను.

మూడక్షరాల గణాలు ఎన్ని? య మ త ర జ భ న స - ఎనిమిది. ఎందుకు ఎనిమిదే? ఒక్కొక్క అక్షరం గురువో లఘువో అవుతుంది. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. తొమ్మిదో గణం కావాలంటే బ్రహ్మ దిగివచ్చినా మూడక్షరాల్లో కుదరదు. యంత్రంలో గురు లఘువులకు బదులు సున్న, ఒకటి వుంటాయి. ఆ ఒక్కొక్క చోటును బిట్ అంటారు. ఎనిమిది బిట్లయితే 256 అంకెలు, పదహారయితే 65,536, ముప్ఫయి రెండయితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంతకు మించి ఒక్కటి కూడా పట్టదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. మన లాక్షణికులు ప్రస్తారం వేసి ప్రతి వృత్తానికీ ఒక వరుస సంఖ్య కట్టారు. పాదానికి ఇరవై అక్షరాలు గల ఉత్పలమాల సంఖ్య 3,55,799. దీన్ని పదహారు బిట్ల పలక మీద రాయబోతే ఏమవుతుంది? 65,536 చొప్పున అయిదు సార్లు దొర్లిపోయి 28,119 మిగులుతుంది. తమాషా ఏమిటంటే, ప్రస్తారంలో ఈ 28,119 అనేది ఉత్పలమాల పాదంలో మొదటి పదహారు అక్షరాల గురు లఘువులే. అంటే చివరి నాలుగక్షరాలూ చట్రం అవతల పడిపోయాయన్న మాట. యతి ప్రాసలు కుదిరాయా అని చూసే మనబోటివాళ్ళు పాదం తెగితే వెంటనే పట్టుకుంటాము. యంత్రం పట్టుకోదు. దానికి 28,119 కూడా మంచి అంకే.

మా అమ్మ పాటకూ అదే జరిగింది. ఫైలు పొడవు 550 కోట్ల బైట్లు. పట్టికలో పొడవు రాసే గడి ముప్ఫయి రెండు బిట్లది. 429 కోట్ల చిల్లర దొర్లిపోగా 120 కోట్ల 50 లక్షల చిల్లర మాత్రం గడిలో పడింది. పెట్టెలో పాటంతా వుంది. పట్టిక మాత్రం 'ఇక్కడికి అయిపోయింది' అన్నది. అంతటితో ఆగినా బాగుండేది. ఆ తరువాత చేర్చిన ముప్ఫయి కోట్ల బైట్ల ఇంకొక ఫైలును, ఖాళీ చోటేననుకుని, ప్రోగ్రాము పాట నడుమనే తెచ్చి పెట్టింది. పట్టికను దిద్దిన తరువాత వీడియో తెరుచుకుంది గాని, ఇరవై నాలుగో నిమిషం నుంచి ముప్ఫయ్యో నిమిషం దాకా తెరంతా గళ్ళు గళ్ళుగా చెదిరిపోయి వుంది. నిమిషానికి అయిదు కోట్ల బైట్లు. ఆరు నిమిషాలు పోయాయి.

ఆ ఆరు నిమిషాల్లో వున్నది, అమ్మకు వాళ్ళమ్మ నేర్పిన తిరగలి పాట.

అప్పుడు నాకు పెన్‌డ్రైవ్ గుర్తు వచ్చింది. అది 1996లో వచ్చిన ఫ్యాట్ 32 అనే పద్ధతి ప్రకారం సర్దినదట. ఆ పద్ధతిలోనూ ఫైలు పొడవు రాసే గడి ముప్ఫయి రెండు బిట్లదే. నాలుగు జీబీలు దాటిన ఫైలు దానిలో పట్టదు. గోతాంలో చోటు లేక కాదు, చీటీలో చోటు లేక. మా కుర్రవాడి గడీ అంతే, పెన్‌డ్రైవ్ గడీ అంతే. పెన్‌డ్రైవ్ 'నా వల్ల కాదు' అని ముందే చెప్పింది. మా ప్రోగ్రాము 'అలాగే' అని పుచ్చుకుని పాట కోసేసింది. ఇంటికి వచ్చే మనుషుల్లోనూ ఈ రెండు రకాలూ వుంటారు. మొదటి రకాన్ని మొరటువాళ్ళంటాము.

ఇటువంటి గడులు కట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌వారి యూనిక్స్ ఆరవ కూర్పులో, 1975లో, ఫైలు పొడవుకు ఇరవై నాలుగు బిట్లే ఇచ్చారు. అంటే కోటి 67 లక్షల చిల్లర బైట్లు. ఆ రోజుల్లో వాళ్ళు వాడిన ఒక రకం డిస్కులో పట్టేదే పాతిక లక్షల బైట్లు. డిస్కుకంటె పెద్ద ఫైలు ఎక్కడినుంచి వస్తుంది? ఆనాటికి అది సరి. కాలం మారింది, గడి మారలేదు. చిక్కు అక్కడ వచ్చింది.

ఈ చిక్కు రాకెట్లనే కూల్చింది. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానా నుంచి లేచిన తొలి ఏరియాన్ 5 రాకెట్టు నిమిషమైనా ఎగరకుండానే పేలిపోయింది. దాని వేగానికి సంబంధించిన ఒక అంకెను పదహారు బిట్ల గడిలోకి మార్చబోతే పట్టలేదు. ఆ ప్రోగ్రాము అంతకు ముందరి ఏరియాన్ 4 కోసం రాసినది. ఆ రాకెట్టు నడకకు ఆ గడి చాలేది. కొత్త రాకెట్టు నడక వేరు.

సరే, అన్ని గడులూ అరవై నాలుగు బిట్లు చేసేస్తే పోదా, అని మా కుర్రవాణ్ణి అడిగాను. అరవై నాలుగు బిట్లలో లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల దాకా పడుతుందట. ఎవరి పాటయినా పడుతుంది. వాడు నవ్వి, "పప్పుకీ ఉప్పుకీ ఒకే డబ్బా వాడతామా సార్?" అన్నాడు. కోటి ఫైళ్ళ పట్టికలో ఒక్కొక్కదానికి నాలుగు బైట్లు పెంచితే నాలుగు కోట్ల బైట్లు పెరుగుతాయి. ఒక ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అన్న అనుమతులకు పదహారు బిట్లు చాలు. అవి ఎన్నాళ్ళయినా పెరిగేవి కావు. ఫైలు పొడవు, డిస్కులో చోటు సంఖ్య, కాలం - ఇవి పెరిగేవి. పెరిగేదానికి పెద్ద గడి ఇవ్వాలి.

ఈసారి వాడు ప్రతి గడినీ నా ఎదుట కూర్చుని నిర్ణయించాడు. నేనూ తల ఎత్తే విన్నాను. విన్నదానిలో నాకు తలకెక్కినవి నాలుగు ముక్కలు.

మొదటిది, అంకె రుణమవుతుందా, కాదా? రుణమయ్యేదయితే ఒక బిట్టు గుర్తుకే పోతుంది, మిగిలేది సగం: 214 కోట్ల చిల్లర. కొన్ని పాత యంత్రాల్లో రెండు జీబీల దగ్గరే ఫైలు ఆగిపోవడానికి కారణం ఇదే. ఫైలు పొడవు ఎన్నడూ రుణం కాదు. కాని ఫైలులో ముందుకూ వెనకకూ జరిగే దూరం రుణం కావచ్చు. ఇంట్లో వున్న బియ్యం సున్నకు తగ్గవు. కొట్టువాడి ఖాతా తగ్గుతుంది. రెండిటికీ ఒకే పుస్తకం పనికిరాదు.

రెండవది, డిస్కు మీద రాసే గడి ఎన్ని బిట్లో ఖచ్చితంగా పేరు పెట్టి చెప్పాలి. సి భాషలో 'లాంగ్' అనే పేరు గల గడి, అరవై నాలుగు బిట్ల విండోస్‌లో ముప్ఫయి రెండు బిట్లు, అరవై నాలుగు బిట్ల లినక్స్‌లో అరవై నాలుగు. పూర్వం వూరు మారితే సేరు మారేది కదా, అలాగన్న మాట. 1956లో తూనికల చట్టం వచ్చి కిలో అంటే ఎక్కడయినా కిలోయే అయింది. ఈ వూళ్ళో రాసిన డిస్కు ఆ వూళ్ళో చదవాలంటే గడికి కూడా ఆ కట్టడి వుండాలి.

మూడవది, నడిమి లెక్క. నాలుగు వేల తొంభయ్యారు బైట్ల అరలుగా చీల్చిన డిస్కులో ఇరవై లక్షలవ అర ఎక్కడుందో తెలియాలంటే రెండూ గుణించాలి. వచ్చేది 819 కోట్ల 20 లక్షలు. జవాబు రాసుకునే గడి అరవై నాలుగు బిట్లదే అయినా, గుణకారం ముప్ఫయి రెండు బిట్ల చిత్తుపలక మీద చేస్తే, పెద్దపలక మీదకు ఎక్కేది తెగిన అంకే. అప్పుడు ప్రోగ్రాము వేరొకరి అరలో రాసిపోతుంది. చిత్తుపలక కూడా పెద్దదే వుండాలి.

నాలుగవది, అంకెలా కనిపించేవన్నీ అంకెలు కావు. మన సెల్‌ఫోన్ నంబర్లు ఆరుతోనో, ఏడు, ఎనిమిది, తొమ్మిదితోనో మొదలయ్యే పది అంకెలు. ఏ ఒక్కటీ ముప్ఫయి రెండు బిట్లలో పట్టదు. పట్టినా ప్రయోజనం లేదు. రెండు ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా? అది పేరు. పేరును అక్షరాలుగానే రాసుకోవాలి.

ఇక కాలం సంగతి. చాలా యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ వస్తున్నాయి. గుర్తుతో కూడిన ముప్ఫయి రెండు బిట్ల గడిలో రాసుకునేవాటికి, 2038 జనవరి 19న, మన గడియారాల ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గడి నిండుతుంది. మరు సెకనుకు అవి 1901 డిసెంబరుకు వెళ్ళిపోతాయి. అందుకని ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో 2020లో గడి సర్దుబాటు చేసి 2486 దాకా పొడిగించారు. మన ముని మనుమలకు మునిమనుమలు ఆపైన చూసుకుంటారు.

ఇవన్నీ విన్న తరువాత నాకు కంభం చెరువు గుర్తుకు వచ్చింది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కట్ట అది. కట్టినవారు కట్ట ఎత్తు ఎంత వుండాలో ఆలోచించారు. అంతటితో వూరుకోకుండా, అంతకు మించి నీళ్ళు వస్తే పొర్లిపోవడానికి అలుగు కూడా పెట్టారు. అలుగు పారితే కింది పల్లెలకు తెలుస్తుంది. అలుగు లేని చెరువు నిండేదాకా బాగానే వుంటుంది, నిండిన రోజున కట్ట తెగుతుంది. మా పాటల పెట్టెకూ ఇప్పుడు అలుగు వుంది. ఏ అంకయినా గడిలో పట్టకపోతే ప్రోగ్రాము ఆగి, పట్టలేదని చెబుతుంది. ఎక్కించిన ప్రతి ఫైలునూ తిరిగి చదివి అసలుతో సరిచూస్తుంది. సరిపోయేదాకా అసలును చెరపకూడదని నేను గోడ మీద కాగితం అంటించాను.

కుర్రవాడు మాత్రం చాలా రోజులు ముఖం చూపించలేక తిరిగాడు. ఒకనాడు పిలిచి చెప్పాను: "తప్పు నీది కాదు నాయనా. గడి ఎంత వుండాలన్నది కంప్యూటరు ప్రశ్న అనుకుని నేను వూరుకున్నాను. అది మా అమ్మకు ఎన్ని పాటలు వచ్చునన్న ప్రశ్న. దానికి జవాబు నీకెలా తెలుస్తుంది? నాకు తెలియాలి."

వాడు కాసేపు వూరుకుని, "అయినా సార్, పట్టకపోతే చెప్పమని నేను రాసివుండవలసింది" అన్నాడు. ఇద్దరం చెరి సగం పంచుకున్నాము.

పోయిన నెల గిద్దలూరు వెళ్ళి మా పిన్నమ్మను చూశాను. అమ్మకంటె ఎనిమిదేళ్ళు చిన్నది. ఆ తిరగలి పాట వచ్చునా అని అడిగితే, "మీయమ్మంత బాగా రాదు రా అబ్బాయ్" అంటూనే గొంతు సవరించుకుంది. మొదటి రెండు చరణాలు పాడింది. నాలుగోది నడుమ ఆగిపోయింది. మూడోది అసలు గుర్తు లేదన్నది. వచ్చినంత రికార్డు చేసుకున్నాను.

తిరిగి వచ్చి పెట్టెలో చేర్చబోతుంటే కుర్రవాడు మళ్ళీ అడిగాడు: "ఇంకా ఎంతమంది పాడేవాళ్ళున్నారు సార్? ఎంత పెద్దవి రావచ్చు?"

ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. మా వైపు పల్లెల్లో ఇంకా బతికివున్న ముసలమ్మల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ, కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను.